ఫ్రిజ్ మీద 14 రూల్స్

అమెరికాలోని డాలస్ దగ్గర్నుంచి ఈ వారం ఒక ఉత్తరం వచ్చింది. తెల్లకాగితాల మీద పెన్నుతో రాసి, ఫొటోలు తీసి పంపారు. తొమ్మిది పేజీలు. పేరు లేదు. చివర 'ఒక నానమ్మ' అని మాత్రం ఉంది. కుదించి చెప్తాను.

ఆవిడకు 59 ఏళ్లు. గుడివాడ దగ్గర పల్లెటూరు. కొడుకూ కోడలూ డాలస్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. కోడలి పుట్టిల్లు నిజామాబాద్. పురిటికి కోడలి తల్లి వెళ్లి, ఆర్నెల్లు ఉండి, పాపకు ఐదు నెలలు నిండాక తిరిగొచ్చేశారు. ఇప్పుడు ఈవిడ వంతు. భర్తను ఊళ్లో ఒంటరిగా వదిలి వెళ్లి మూడు వారాలైంది. సూట్‌కేసులో వసకొమ్ము, సాంబ్రాణి, ఇంట్లో పట్టిన కాటుక, నలుగుపిండి, తన తల్లి పాతచీరలతో కుట్టిన బొంత పట్టుకెళ్లారు.

సాంబ్రాణి వేసిన మొదటి రోజే స్మోక్ అలారం మోగింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. వసకొమ్ము అరగదీసి తేనెలో నాకిస్తానంటే కోడలు 'వద్దత్తయ్యా' అని గిన్నె తీసేసింది. తర్వాత ఒక మధ్యాహ్నం పాపను పక్కలో వేసుకుని, బొంత కప్పి, జోకొడుతూ ఆవిడ కూడా కునుకు తీశారు. ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి కోడలు. 'అత్తయ్యా, పాప మీద దుప్పటి తీసేయండి, తొట్టిలో పడుకోబెట్టండి.' గదిలో కెమెరా ఉన్న సంగతి ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున ఫ్రిజ్ మీద ఒక కాగితం కనిపించింది. కొడుకు తెలుగులో టైప్ చేసి అంటించాడు. 14 రూల్స్.

ఆవిడ మాటల్లోనే: 'పనిమనిషికి కూడా ఇలా రాసివ్వరు. నేను ఇద్దర్ని పెంచాను. ఆ కాగితం అంటించినవాడు వాళ్లలో ఒకడు. కోడలి వాళ్లమ్మ ఉన్నప్పుడు సాంబ్రాణి వేశారట, నలుగు పెట్టారట. నేను చేస్తేనే తప్పా? రాత్రిళ్లు మా చెల్లెలికి ఫోన్ చేసి ఏడుస్తున్నాను. టికెట్ ముందుకు జరుపుకుని వెళ్లిపోనా? నోరు మూసుకుని ఆర్నెల్లు గడిపేయనా?'

నానమ్మగారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివినప్పుడు తేలిందేమిటంటే, ఇందులో రెండు గొడవలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి పాప గురించి, రెండోది మీ గురించి. మీ ఇంట్లో అందరూ రెండోదాన్ని మొదటిదాని పేరు పెట్టి మాట్లాడుకుంటున్నారు. విడదీసి చూద్దాం. ముందు పాప సంగతే తేల్చేద్దాం. అక్కడ మీకు నచ్చని మాటలు కొన్ని చెప్పాలి.

నిద్ర విషయంలో మీ కోడలిదే రైటు. పసిపిల్లను వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండూ దుప్పటీ లేకుండా విడిగా పడుకోబెట్టమని అక్కడి డాక్టర్లు ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడే చెప్తారు. ప్రతి చెకప్‌లోనూ మళ్లీ అడుగుతారు. 1994లో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టమని దేశమంతా ప్రచారం మొదలుపెట్టాక, ఉన్నట్టుండి నిద్రలో పోయే పసివాళ్ల సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. ఇప్పటికీ అక్కడ ఏటా దాదాపు 3,500 మంది పిల్లలు నిద్రలోనే పోతున్నారు. ఆ లెక్క మీ కోడలికి కంఠతా వచ్చి ఉంటుంది. ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో చూస్తే బొంత కింద పాప మొహం కనిపించలేదు. ఆ క్షణంలో ఆ అమ్మాయి గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఒక్కసారి ఊహించండి. ఫోన్ చేసింది మిమ్మల్ని తప్పు పట్టడానికని నాకనిపించడం లేదు.

'మేమందరం పిల్లల్ని పక్కలో వేసుకునే పెంచాం' అని రాశారు. నిజమే, నేనూ అలాగే పెంచాను. ఎక్కడ పడుకునేవాళ్లం? చాప మీదో, నులకమంచం మీదో, పలచటి బొంత మీదో. ఉక్కపోతకు కప్పుకునేదే ఉండేది కాదు. డాలస్ మంచం మీద కూర్చుంటే మనమే లోపలికి దిగిపోతాం. ఏసీకి కప్పుకునే దుప్పటి పరుపంత మందం. పక్కలో పడుకోబెట్టడం అనే మాట ఒకటే, పక్క వేరు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మీ అబ్బాయి పుట్టిన రోజులు, 1990 అనుకుందాం, మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 80 మంది ఏడాది నిండకుండా పోయేవారు. 2020 నాటికి అది 28కి తగ్గింది. ఆ 80 మంది పోయింది నానమ్మల వల్ల అనడం లేదు. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, మంచినీళ్లు, చాలా కారణాలున్నాయి. కాకపోతే 'మేం పెంచలేదా' అన్నప్పుడు మన కళ్ల ముందు తిరిగేది బతికినవాళ్లే. పోయినవాళ్లను బాలారిష్టం అని సరిపెట్టుకున్నాం. ఎందుకు పోయారో అడిగినవాళ్లు తక్కువ.

వసకొమ్ము, తేనె సంగతి కూడా అంతే. రెండూ సూట్‌కేసులోనే ఉంచండి. ఏడాది నిండని పిల్లకు తేనె చుక్క కూడా వద్దు. తేనెలో ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉండే వీలుంది. మన పేగులు వాటిని పెరగనివ్వవు, పసిపేగుల్లో మాత్రం అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి. పిల్ల మెడ నిలపలేక, పాలు తాగలేక, గట్టిగా ఏడవలేక నీరసించిపోతుంది. పసిపిల్లల్లో ఈ జబ్బును 1976లో కాలిఫోర్నియాలో గుర్తించారు. అంతకుముందు ఎవరికీ తెలియదు, మన పెద్దవాళ్లకు తెలియకపోవడంలో తప్పేం లేదు. వసను తినే వస్తువుల్లో వాడకూడదని అమెరికా ప్రభుత్వం 1968లోనే నిషేధించింది. మాటలు బాగా వస్తాయని కదా మనం నాకించేది? పాపతో మీరు రోజంతా మాట్లాడుతూ ఉండండి, మాటలు వాటంతట అవే వస్తాయి. మీ కోడలు ఆఫీసులో, మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఉంటారు కాబట్టి ఆ పిల్లకు తెలుగు వచ్చేది మీ నోటి నుంచే.

కాటుకలో సీసం ఉండొచ్చన్న భయంతో అక్కడ దాన్ని అమ్మనివ్వరు. ఇంట్లో పట్టిన కాటుకలో సీసం లేకపోవచ్చు, వేలితో కంట్లో పెడితే ఇన్ఫెక్షన్ మాత్రం ఎవరి కాటుకకైనా వస్తుంది. సరే, అరికాల్లో దిష్టిచుక్క పెడతానంటారేమో. ఆర్నెల్ల పిల్ల చేసే మొదటి పని కాలు పట్టుకుని నోట్లో పెట్టుకోవడం! గుప్పెడు ఉప్పు తిప్పేసి సింకులో నీళ్లు వదిలేయండి. దిష్టీ పోతుంది, అలారమూ మోగదు.

సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకు పడదు. జుట్టు ఆరడానికే అయితే మెత్తటి తువ్వాలు చాలు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు అసలు వద్దు, ముక్కులో వేసింది ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా వస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన తల్లిపాలు పడతాయా అని కూడా అడిగారు. నాలుగు రోజుల వరకు నిక్షేపంగా పడతాయి. బయట అయితే నాలుగు గంటలే. వేడినీళ్ల గిన్నెలో సీసా పెట్టి గోరువెచ్చగా చేయండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి.

ఇక్కడికి కోపం వచ్చి ఉంటే కాసేపు ఆగి చదవండి.

డాక్టర్లు చెప్పిందల్లా రాతిమీద గీత అని మీ కోడలు అనుకుంటే అదీ పొరపాటే. వేరుశనగ సంగతే చూడండి. ఎలర్జీ భయం ఉన్న పిల్లలకు మూడేళ్లు వచ్చేదాకా వేరుశనగ పెట్టొద్దని 2000లో ఇదే అమెరికా పిల్లల డాక్టర్లు చెప్పారు. 2008లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు, 2015లో ఒక పెద్ద పరిశోధన ఫలితం వచ్చాక పూర్తిగా తిరగేశారు. 2017 నుంచి, తొందరగానే, ఆర్నెల్ల ప్రాంతంలో మొదలుపెట్టమంటున్నారు, పెట్టకపోతేనే ఎలర్జీ ఎక్కువట. వేరుశనగ మనింట్లో ఎప్పుడు లేదు గనక? మీ కాలంలో డబ్బాపాలు బలమని సలహా ఇచ్చిన డాక్టర్లకు కొదవలేదు. చివరికి డబ్బాపాల ప్రచారాన్ని ఆపడానికి మన దేశంలో 1992లో చట్టమే తేవలసి వచ్చింది. మీరు కూడా పెద్దబ్బాయికి నాలుగో నెల నుంచి డబ్బాపాలే పట్టానని రాశారు. అది మీ అత్తగారి మాట విని చేసింది కాదు, డాక్టరు మాట విని చేసింది. ఈ సంగతి మీ కోడలికి ఎప్పుడైనా చెప్పండి. ఎత్తిపొడుపుగా కాదు సుమా, కబుర్లలో పెట్టి. 'నేనూ ఆ రోజుల్లో డాక్టరు మాటే విన్నానమ్మా' అంటే ఆ అమ్మాయికి మీరు కొంచెం దగ్గరగా కనిపిస్తారు.

మీ దగ్గరున్న అసలు విద్య సూట్‌కేసులో లేదు, చేతుల్లో ఉంది. నూనె మర్దన అక్కడి డాక్టర్లు కూడా వద్దనరు, కొబ్బరినూనె అయితే ఇంకా మంచిది. ఆకలి ఏడుపు ఏదో, నిద్ర ఏడుపు ఏదో తలుపవతల నుంచే చెప్పగలరు. ఏ యాప్‌లోనూ అది దొరకదు. అన్నప్రాశన దగ్గరకొచ్చింది. ఆర్నెల్లకు అన్నం మొదలుపెట్టాలని మన పెద్దలు పెట్టిన ముహూర్తమూ, ఆర్నెల్లదాకా తల్లిపాలే అన్న ఇవాళ్టి డాక్టర్ల లెక్కా ఒకే చోట కలిశాయి. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి ఉగ్గుపిండి కొట్టడం మీ కోడలికి రాదు, మీకు వచ్చు. ఉప్పు, పంచదార వేయకుండా చేస్తే ఎవరూ కాదనరు. ఐరన్ ఉన్నవి కూడా పెట్టమంటారు, అది విడిగా అడిగి తెలుసుకోండి. బొంత కూడా వృథా పోదు. పాప మెలకువగా ఉన్నప్పుడు రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టమని డాక్టర్లే చెప్తారు. హాల్లో నేలమీద మీ బొంత పరిచి, ఎదురుగా మీరు కూర్చుని ఆడించండి. కప్పుకోవడానికి పనికిరాని బొంత పరుచుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది.

మర్దనలో ఒక్క జాగ్రత్త. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, రొమ్ములు నొక్కి పాలు తీయడం, ముక్కు సాగదీయడం మానేయండి. మా అత్తగారు మా పెద్దవాడి ముక్కు కోటేరులా రావాలని రోజూ నూనె చేత్తో లాగేవారు. వాడి ముక్కు ఇవాళ్టికీ అచ్చం మా ఆయన ముక్కే.

ఇప్పుడు మీ గురించి. వియ్యపురాలు చేస్తే ఒప్పు, మీరు చేస్తే తప్పు అన్నది మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుతోంది. ఆ ఆర్నెల్లలో ఆ తల్లీకూతుళ్లు సాంబ్రాణి గురించి ఎన్నిసార్లు అరుచుకున్నారో మీకెవరూ చెప్పరు. కన్నతల్లితో అయితే 'అమ్మా, నువ్వూరుకో' అని ఒక్క మాటతో తేలిపోతుంది. పది నిమిషాల తర్వాత అదే తల్లి చేత్తో కలిపిన ముద్ద తింటుంది. అత్తగారితో ఆ మాట అనలేదు. అనలేక కాగితం మీద రాయించి ఉంటుంది. మీకు అది అవమానంలా కనిపించింది. ఆ అమ్మాయి వైపు నుంచి అది మొహమాటం అయ్యుండొచ్చు. రెండూ నిజమే కావొచ్చు.

పైగా అక్కడ ఇద్దరు అమ్మల పద్ధతులు కాదు, రెండు ప్రాంతాల పద్ధతులున్నాయి. మీరు బారసాల అన్నదాన్ని వాళ్లు తొట్టెల అంటారు. నల్లగాజులు ఎప్పుడు వేయాలో, పాపను మొదట ఏ గుడికి తీసుకెళ్లాలో మీకొక లెక్క, వాళ్లకొక లెక్క. వాటిలో పాప ప్రాణానికి ఢోకా ఏమీ లేదు. కాబట్టి వాటి మీద పట్టుబట్టడం, పట్టు వదలడం మీ ఇష్టం. ఒకటి రెండు మీవి జరగాలని అడగొచ్చు, అడగడం తప్పేం కాదు. అన్నిటికీ అడిగితే ఏదీ దక్కదు.

మీరడిగిన రెండు దారుల్లో, వెళ్లిపోవడం గురించి. టికెట్ మార్చుకోవడం కష్టమేం కాదు. తర్వాత సంగతి చూడండి. పాపను ఉన్నపళంగా డేకేర్‌లో వేయాలి. సీటు దొరకాలి, ఖర్చు మామూలుగా ఉండదు. మీ అబ్బాయి ఇద్దరి మధ్యా నలుగుతాడు. ఊళ్లో దిగిన మర్నాడే 'అప్పుడే వచ్చేశావేం' అని అడిగేవాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి, మీరేం చెప్పినా అది నిజామాబాద్ దాకా వెళ్తుంది. ఆరోగ్యం బాగాలేకపోయినా, మిమ్మల్ని నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నా నేనే వెళ్లిపొమ్మనేదాన్ని. తొమ్మిది పేజీల్లో కోడలు ఒక్కసారి నోరు జారినట్టు కూడా లేదు.

నోరు మూసుకుని ఉండటమా? మీరు మూసుకోవడం లేదు కదా, రాత్రిళ్లు గంటసేపు చెల్లెలితో మాట్లాడుతున్నారు. అక్కడి ఇళ్ల గోడలు చెక్కగోడలు. పక్కగదిలో వాళ్లకు వినపడదనుకుంటున్నారా? పగలు మౌనం, రాత్రి ఏడుపు. ఆ అమ్మాయికి అది మాటల కన్నా గట్టిగా తగులుతుంది.

కొడుకు ద్వారా చెప్పించడం మూడో దారి. తేలికగా కనిపిస్తుంది. అతను ఇప్పటికే పోస్టుమ్యాన్ ఉద్యోగం చేస్తున్నాడు, ఆ కాగితమే సాక్ష్యం. మీ మాట కోడలి దగ్గరికి చేరేసరికి 'అమ్మ ఫీలైంది' అనే రెండు ముక్కలే మిగులుతాయి.

నేనైతే నాలుగో దారి పడతాను. అది కష్టమైనది, మీ మనసు ఒప్పుకుంటేనే చేయండి. అబ్బాయి లేనప్పుడు, పాప నిద్రపోయాక, టీ పెట్టి కోడల్ని కూర్చోబెట్టండి. ముందు మీరు వదులుకునేవి చెప్పండి. 'అమ్మాయ్, ఆ రోజు నీ భయం నాకు తర్వాత అర్థమైంది. ఇకమీదట పాపను తొట్టిలోనే పడుకోబెడతాను. తేనె, వస, కాటుక, పొగ, వీటి ఊసు ఎత్తను. కాకపోతే కెమెరాలో చూసి ఫోన్ చేస్తే నాకు చాలా చిన్నతనంగా అనిపించింది. ఆ కాగితం చూసి ఇంకా అనిపించింది.' అంతే చెప్పి ఆగండి. 'మీ అమ్మ చేస్తే...' అని మాత్రం మొదలుపెట్టకండి, ఆ ఒక్క మాటతో టీ చల్లారిపోతుంది. ఆ అమ్మాయి వెంటనే ఏమీ అనకపోవచ్చు, ఏడవనూ వచ్చు. ఉద్యోగానికి వెళ్తూ ఐదు నెలల పిల్లను వదిలివెళ్లే తల్లికి కన్నీళ్లు ఎప్పుడూ అంచు మీదే ఉంటాయి. కెమెరా తీసేయమని అడగొద్దు, ఒప్పుకోదు. తొట్టి మాత్రమే కనిపించేలా, మీ మంచం కనపడకుండా తిప్పమని అడగండి, ఒప్పుకుంటుంది.

ఆర్నెల్ల చెకప్ వచ్చే వారమే అన్నారు. మీరూ వెళ్లండి. మర్దన గురించి, ఉగ్గు గురించి, వేరుశనగ గురించి మీ ప్రశ్నలు మీరే అడగండి, తర్జుమా మీ కోడల్ని చేయమనండి. కొన్నిటికి డాక్టరు ఆ అమ్మాయి వైపు, కొన్నిటికి మీ వైపు మాట్లాడతారు. మీ వైపు మాట్లాడినప్పుడు కారులో ఇంటికి వచ్చేదాకా ఆ సంగతి ఎత్తకుండా ఉండగలిగితే మీరు గెలిచినట్టే. కష్టమని నాకు తెలుసు.

ఇక ఆ కాగితం. ఫొటో పంపారు కాబట్టి 14 రూల్సూ చదివాను. నా లెక్కలో ఎనిమిది న్యాయమైనవి, నాలుగు ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఒకటి ఏమిటో నాకే అర్థం కాలేదు. మిగిలింది తొమ్మిదోది: 'స్నానం మేమే చేయిస్తాం.' ప్లాస్టిక్ టబ్బులో మూడు నిమిషాల్లో కానిచ్చేస్తున్నారని, పాప రోజూ ఏడుస్తోందని మీరే రాశారు. మొదట ఈ ఒక్కదాని గురించి అడగండి. శనివారం పొద్దున్న, ఎవరికీ ఆఫీసు లేనప్పుడు. బాత్‌రూమ్‌లో చిన్న స్టూలు వేసుకుని, కాళ్లు చాపి, వాటి మీద పాపను బోర్లా వేసుకోండి. నీళ్ల వేడి మీ మోచేతితో చూశాక, కోడల్ని కూడా చెయ్యి పెట్టి చూడమనండి. వెల్లకిలా తిప్పి తలకు పోసేటప్పుడు నుదుటి మీద మీ అరచెయ్యి అడ్డంగా ఎలా పెడతారో, చుక్క కూడా కళ్లలోకి జారకుండా నీళ్లు చెవుల వెనక నుంచి ఎలా వెళ్లిపోతాయో ఆ అమ్మాయిని పక్కనే కూర్చుని చూడనివ్వండి. చెంబు మాత్రం తన చేతికివ్వండి.